దర్గా కొండ మీద ఒక్కపొద్దు విడిచిన సాయంత్రం

మొక్కు తీరింది. మా పెద్దబ్బాయి రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజు చదివి వచ్చి పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఈ మాట రాయగలుగుతున్నందుకు అల్లాహ్‌కు వేనవేల షుక్రులు.

వాడు సరుకుల ఓడలో పనిచేస్తాడు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద డ్రోన్లు, క్షిపణులు పడుతున్నాయని టీవీలో చూసిన దగ్గర నుంచి నాకు అన్నం సహించలేదు. సూయజ్ కాలువ దారి మానేసి వాళ్ల ఓడను ఆఫ్రికా అంతా చుట్టి, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిప్పారు. ఫోను కలవని రాత్రులు నడిరేయి దాటాక చదివే తహజ్జుద్ నమాజుకు లేచి, నుదురు నేలకు ఆనించిన సజ్దాలో ఏడ్చాను. అప్పుడే మొక్కుకున్నాను. బిడ్డ క్షేమంగా గడప తొక్కితే రంజాన్ నెలలో విశాఖపట్నం వెళ్లి, రేవు పక్క దర్గా కొండ మీదున్న ఇసాక్ మదీనా బాబా సమాధికి చాదర్ కప్పించి, ఆ సాయంత్రం అక్కడ ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు ఇఫ్తార్ పెడతానని.

అడిగేది అల్లాహ్‌నే. అయినా సముద్రం మీద బిడ్డ ఉన్న తల్లికి ఆ కొండ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? రేవులోకి వచ్చే ఓడైనా, రేవు విడిచే ఓడైనా జెండాను మూడుసార్లు ఎగరేసి దించి బాబాకు సలాం చేసి మరీ సాగేదని మా అమ్మమ్మ చెప్పేది. ఇక రంజానే ఎందుకంటే, ఖుర్ఆన్ దిగిన నెల ఇది. పైగా ఒక్కపొద్దు ఉన్నవారికి ఇఫ్తార్ పెట్టినవారికి వాళ్లతో సమానంగా పుణ్యం దక్కుతుందని, అందువల్ల వాళ్ల పుణ్యంలో ఏమీ తగ్గదని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. ఇంతకన్నా పెద్ద మొక్కు నాకు తోచలేదు.

చంద్రుణ్ణి బట్టి వచ్చే నెల కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మే నెల వడగాడ్పుల్లో ఒక్కపొద్దులు ఉన్నాం. ఈసారి మార్చిలో వచ్చింది, కాస్త తేలికే అనుకున్నాను. కానీ విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. అనకాపల్లి నుంచి నేనూ, మా చెల్లెలూ రైల్లో వెళ్లాం. పూర్ణా మార్కెట్లో పుచ్చకాయలు, అరటిపళ్లు, ఖర్జూరాలు కొని రెండు గంపలకు ఎత్తించేసరికే నాలుక పిడచ కట్టుకుపోయింది. పాత ఊరి ఇరుకు సందుల్లో శుక్రవారం జనం. ఆటో ముందుకు పోలేక కొండకు దూరంగానే దించేసింది. మా చెల్లెలికి మోకాళ్ల నొప్పులు. గంపల వైపు, కొండ వైపు చూస్తూ ఇద్దరమూ నిలబడిపోయాం.

అప్పుడు వచ్చాడతను. మార్కెట్లో బస్తాలు మోసే మనిషి. మావాడి వయసే ఉంటుంది, నుదుటి మీద సింహాచలం గంధం బొట్టు. "పైకేనా అమ్మా?" అని అడిగి, మా జవాబు కోసం చూడకుండా తువ్వాలు చుట్టకుదురుగా చుట్టి పుచ్చకాయల గంప నెత్తికెత్తుకున్నాడు. అది పైన దింపి, మళ్లీ కిందికి వచ్చి రెండో గంప కూడా మోశాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చెమట చుబుకం మీది నుంచి బొట్లు బొట్లుగా రాలుతోంది. దారిలో ఒక పెద్దాయన నీళ్ల సీసా అందిస్తే తీసుకుని, మూత కూడా తిప్పకుండా చంకలో పెట్టుకున్నాడు.

"తాగు బాబూ, నీకేం ఒక్కపొద్దా?" అన్నాను.

"మీరు తాగడం లేదు కదమ్మా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

పైన జనం సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక్కపొద్దుతో ఉండి పక్కవాళ్లను మోచేతులతో తోసేవాళ్లను చూస్తే కడుపు మండింది. బాబా మజార్ (సమాధి) వైపు ఫోన్లు ఎత్తి పట్టుకుని కదలని కుర్రాళ్లు కొందరు, పిల్లల తలల మీదుగా చేతులు చాపే పెద్దలు కొందరు. ఎవరైనా తగువుకు వస్తే 'నేను ఉపవాసంలో ఉన్నాను' అనుకోమన్న హదీసును నాలో నేను మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. చాదర్‌ను దర్గా సేవ చూసే ముజావర్ గారి చేతికి అందించాక ఎవరి భుజాల మధ్య నుంచో ఒక్క క్షణం కనిపించింది. ఆకుపచ్చ చాదర్, దాని మీద తడి ఆరని మల్లెలు, అడ్డంగా సాగుతున్న సాంబ్రాణి పొగ. ముజావర్ గారి నెమలి ఈకల కట్ట నా తలను తాకి వెళ్లింది. వెనక నుంచి తోపు వచ్చింది, బయటపడ్డాను. అంతే దర్శనం. దువాలో చెప్పుకోవాలని దాచుకున్న మాటలన్నీ మరిచి, బిడ్డ పేరొక్కటే చెప్పాను.

బయట గాలి చల్లగా తగిలింది. కింద రేవు, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, ఇటు రోస్ కొండ మీద మరియమ్మ చర్చి, వెంకన్న కొండ. లంగరు వేసిన ఒక ఓడ మీద దీపాలు వెలుగుతున్నాయి. చాపల మీద అందరూ వరుసగా కూర్చున్నారు. పుచ్చకాయ ముక్కలు కోసి అతనే ఆకుల్లో పంచాడు. ఎప్పటి నుంచో ఇది తన ఇంటి పనే అన్నట్టు, ఎవరికి తక్కువయిందో చూస్తూ తిరిగాడు. మగ్రిబ్ అజాన్ వినపడ్డాక మేము ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాం. అప్పుడు అతను ఆ సీసా మూత తీశాడు. గటగటా సగం తాగి, మిగిలింది మా చెల్లెలికి ఇచ్చాడు.

డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీ అబ్బాయి వచ్చాడు కదమ్మా, చాలు" అన్నాడు. బలవంతం చేస్తే, ఇంట్లో పాపకు తరచూ జ్వరం వస్తోందని, బాబా దగ్గర ఒక మాట చెప్పమని అడిగాడు. ముజావర్ గారితో ఆ పాప పేరున ఫాతిహా చదివించాను. తబర్రుక్‌గా (ప్రసాదంగా) ఇచ్చిన చక్కెర పొట్లం జేబులో పెట్టుకుని, లారీ లోడు వచ్చే వేళయిందంటూ గబగబా మెట్లు దిగిపోయాడు.

చివరి పది రోజులు మొదలయ్యాయి. ఖుర్ఆన్ దిగిన రాత్రి, వెయ్యి నెలల కన్నా మేలైన షబే ఖదర్‌ను ఈ పది రోజుల్లోని బేసి రాత్రుల్లోనే వెతకాలి. ఇంట్లో అందరి కోసం చేసే దువాలో ఆ పాప పేరు కూడా చేరింది. పండుగ అయ్యాక మావాడు మళ్లీ ఓడ ఎక్కుతాడు. వెళ్లే ముందు పూర్ణా మార్కెట్‌కు పోయి అతణ్ణి కలిసి రమ్మని, పాపకు ఒక గౌను కొని ఇవ్వమని చెప్పాను. డబ్బులైతే వద్దన్నాడు, పాపకు పండుగ బట్టలు వద్దనడు కదా.