పర్లాకిమిడిలో కూర్చుని టెక్నాలజీ మీద రాయడం, నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. టెక్నాలజీ, కల్చర్ మీద ఫ్రీలాన్స్‌గా రాస్తానంటే మా నాన్న "అయితే జీతం ఎవులిస్తారు?" అన్నారు, న్యాయమైన ప్రశ్నే. మొదట్లో కొత్త ఫోన్లూ ఏఐ యాప్‌లూ అని పిచ్‌లు, అంటే ఫలానా దాని మీద రాస్తానని ఎడిటర్లకి ప్రతిపాదనలు, పంపేవాణ్ణి, ఒక్క ఎడిటరూ రిప్లై ఇవ్వలేదు, ఎందుకిస్తారు, అవి రాసేవాళ్ళు బెంగళూరులో బోలెడుమంది, లాంచ్‌కి పిలుపులూ వాళ్ళకే.

ఓకే అయింది మాత్రం మా వైపు కొండల్లోని సవర గిరిజనుల భాషకున్న లిపి మీద పంపింది. గుణుపురం వైపు మంగై గొమాంగో 1936లో తయారుచేసిన సోరంగ్ సోంపెంగ్ లిపిని నమ్మేవాళ్ళు ఆ అక్షరాలకి పూజ చేస్తారు. 2012లో అది యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ వాడే అన్ని భాషల అక్షరాల పట్టికలో, చేరింది. చేరిందంటే ఒక్కో అక్షరానికి నంబరు ఇచ్చారు, అంతే! ఫోన్‌లో ఫాంట్ ఉండాలి, కీబోర్డ్ ఉండాలి, లేదంటే స్క్రీన్ నిండా డబ్బాలే. ఎడిటర్ "ఇప్పుడే ఎందుకు రాయాలి, ఫాంట్ ఉంటే అందరూ ఇందులోనే రాసేస్తారా" అని అడిగారు, ఆ రెండో ప్రశ్నకే గుణుపురం రైలెక్కాను.

అక్కడ తేలిందేటంటే సమస్య సగమే టెక్నాలజీ. చర్చికెళ్ళే ఇళ్ళల్లో ఇంగ్లీషు అక్షరాల్లో సవర రాస్తున్నారు, బడికెళ్ళిన కుర్రాళ్ళు ఒడియా అక్షరాల్లో, కొండ దిగి శ్రీకాకుళం వైపొస్తే తెలుగు అక్షరాలు. ఏ లిపన్నది ఏ గుడి, ఏ బడి అన్నదాన్ని బట్టి పోతోంది. మా ఊళ్ళో పంతులుగా ఉండి సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారి గురించి ఒక పేరా పెడితే ఎడిటర్ కొట్టేశారు, ఇప్పటికీ నాకది మింగుడుపడదు.

రాయడం కన్నా తర్వాతదే ఎక్కువ తిప్పలు. ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు ప్రతి లైనుకీ ఎవరు చెప్పారు, రికార్డింగ్ ఉందా అని అడిగారు. సవరలో మాట్లాడినవాళ్ళ మాటల్ని దుబాసీ ఒడియాలో చెప్తే నేను ఇంగ్లీషులో పెట్టాను కదా, అవి కొటేషన్లుగా వద్దు, సారాంశంగా రాయమన్నారు. విసుగొచ్చింది గానీ వాళ్ళదే కరెక్టు. తర్వాత ఇన్‌వాయిస్, పాన్ కార్డు, టీడీఎస్, నెలలకి గానీ డబ్బు పడలేదు. ఇప్పుడు పిచ్ ఓకే అనగానే రేటూ, పేమెంట్ తేదీ, బస్సు రైలు ఖర్చులెవరివో అన్నీ మెయిల్‌లో రాయించుకున్నాకే బయల్దేరుతున్నాను.