మాయను పిల్లతో జతచేసే పని

పశువైద్యంలో పీజీ థీసిస్‌కు నేను ఎంచుకున్న ప్రశ్న కాగితం మీద రెండు వరుసలే. లార్జ్ వైట్, మేషాన్ అనే రెండు జాతుల పందుల మాయలు (ప్లాసెంటా) కడుపులోని పిల్లకు ఆహారం అందించే తీరులో తేడా ఏమిటి? పుట్టాక పిల్ల బతకడంలో ఆ తేడాకు ఎంత పాత్ర ఉంది? మేషాన్ చైనాలోని తాయ్‌హు సరస్సు ప్రాంతపు జాతి. ఎక్కువ పిల్లలు పెడుతుందనే ఫ్రాన్స్ దీన్ని 1979లో తెప్పించుకుంది. పిల్లలు చిన్నవిగా పుడతాయి, అయినా గట్టిగా నిలదొక్కుకుంటాయి.

ప్రయోగశాల పనే కష్టమని అందరూ భయపెట్టారు. నన్ను ఏడిపించింది మాత్రం ఈతల గది. ఆవుకైతే సాధారణంగా ఒక దూడ, ఒక మాయ. పందిలో ఒక్కో పిల్లకు ఒక్కో మాయ ఉన్నా, పక్కపక్కనున్నవి కొసల దగ్గర అతుక్కుని పొడవాటి గొట్టంలా జారిపడతాయి. ఏది ఏ పిల్లదో చూపుకు తెలియదు. అందుకని పిల్ల బయటపడగానే బొడ్డుతాడును రెండు చోట్ల కట్టి, మధ్యలో కోసి, తల్లివైపు కొసకు అంకె ఉన్న బిళ్లను పట్టుదారంతో ముడివేసేవాళ్లం. పిల్లకూ అదే అంకె. కొన్నిసార్లు తాడు ముందే తెగిపోయి ఉండేది. అప్పుడు ఆ జతను లెక్కలోంచి తీసేయడమే. గర్భకాలం సుమారు 114 రోజులని పుస్తకం చెబుతుంది, ఏ రాత్రి మేలుకోవాలో మాత్రం చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది. మాయ చాలాసార్లు పిల్లలన్నీ పుట్టిన కొన్ని గంటలకు గాని పడదు. అప్పటికి రక్తప్రసారం ఆగి, కణజాలంలోని చక్కెరలు, ఆక్సిజన్ అందనప్పుడు పేరుకునే లాక్టేట్ తారుమారవుతాయి. అటువంటి ముక్కను గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్‌లో ఎంత త్వరగా ముంచినా ఏం లాభం? అందుకే జీవక్రియ కొలతలకు పుట్టిన క్షణంలో బొడ్డుతాడు నుంచి తీసిన రక్తాన్నే నమ్మాం. మాయను బరువుకు, వైశాల్యానికి, రక్తనాళాల సాంద్రతకు వాడుకున్నాం.

ఆ రక్తంలో నన్ను ఆకట్టుకున్నది ఫ్రక్టోజ్. పంది మాయ తల్లి గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని ఫ్రక్టోజ్‌గా మారుస్తుంది. కడుపులోని పిల్ల రక్తంలో గ్లూకోజ్ కన్నా అదే ఎక్కువ. పుట్టాక ఆ సరఫరా ఆగిపోతుంది. పిల్ల ఒంట్లో కొవ్వు 1–2 శాతమే, వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు అసలే లేదు. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఒక రోజు నెట్టుకొస్తే గొప్ప. పరిసరాలు 34 డిగ్రీలకన్నా చల్లబడితే ఆ నిల్వ వణుకుకే ఖర్చవుతుంది. మాయ గుండా తల్లి ప్రతిరక్షకాలు దాటవు కాబట్టి ముర్రుపాలు తప్పనిసరి. చలికి నీరసించిన పిల్ల చన్ను అందుకోలేదు, తల్లి పడుకునేటప్పుడు పక్కకు తప్పుకోలేదు. నలిగి చచ్చిందని రిజిస్టరులో రాసిన మరణాల్లో చాలావాటికి మొదలు ఆకలే అని నా అభిప్రాయం.

జాతుల తేడా దగ్గర ఇదివరకటి పరిశోధనలు చెప్పినదే మాకూ కనిపించింది. గర్భం చివరి దశలో లార్జ్ వైట్ మాయ వైశాల్యం పెంచుకుంటుంది, మేషాన్ మాయ పెద్దగా పెరగకుండానే రక్తనాళాలను దట్టం చేసుకుంటుంది. పిల్లలు ఎక్కువైనా గర్భాశయంలో చోటు సరిపోవడానికి ఇదొక కారణం.

పేచీ వచ్చింది ‘మాయ సామర్థ్యం’ దగ్గర. పిల్ల బరువును మాయ బరువుతో భాగిస్తే వచ్చే అంకె అది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మాయ మరీ చిన్నదైతే, ఎదుగుదల కుంటుపడిన పిల్లకూ ఆ అంకె ఘనంగానే వస్తుంది. దాన్ని థీసిస్ చివరి అనుబంధంలోకి నెట్టి, ఒకే ఈతలోని పిల్లలను వాటిలో వాటినే పోల్చిన పట్టికను ముందు పెట్టాను. పరీక్షకుల్లో ఒకరు ఆ నిష్పత్తిని ప్రధాన అధ్యాయంలోకి తెమ్మని పట్టుబట్టారు. కుంటుపడిన పిల్లల వరుసను వేలితో చూపించాను. ఆయన అద్దాలు సవరించుకుని చూసి, అనుబంధంలోనే ఉండనిమ్మన్నారు.