1968 జీటీవో కన్వర్టిబుల్: అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా చేసిన పనులు

అక్టోబరు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న మా గ్యారేజీకి కారు చేరి మూడు వారాలైంది. 1968 పాంటియాక్ జీటీవో, కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది). 400 క్యూబిక్ అంగుళాల వీ8, టర్బో 400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్.

కొనేముందు అన్నిటికంటే ముందు చూసింది వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు. అది 242678తో మొదలవ్వాలి. 242 అంటే జీటీవో, 67 అంటే కన్వర్టిబుల్ బాడీ, 8 అంటే 1968. 237 ఉంటే అది పాంటియాక్‌దే లెమాన్స్ అనే వేరే మోడల్, పైన ఎన్ని జీటీవో బ్యాడ్జీలు ఉన్నా సరే. ఆ ఏడాది 87,684 జీటీవోలు తయారైతే కన్వర్టిబుల్స్ 9,980 మాత్రమే. ధరలో తేడా చాలా ఉంటుంది కాబట్టి ఈ ఆరు అంకెలు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నాన్న గుడివాడలో నలభై ఏళ్లు అంబాసిడర్లు, జీపులు బాగుచేశారు. వీడియో కాల్‌లో కారు చూపిస్తే ఇంట్లో అందరూ ఎంత స్పీడు వెళ్తుందని అడిగారు. నాన్న మాత్రం "బ్రేకులేంట్రా?" అన్నారు. నాలుగు చక్రాలకీ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములే అని చెప్పాను. "ఇంత బండికా?" అని ఊరుకున్నారు.

ఏప్రిల్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇక్కడికి దక్షిణాన ఎన్నిస్ అనే ఊళ్లో అప్పుడు బ్లూబానెట్ పూలు విరగబూస్తాయి. టాప్ దించి, ఈ కారులోనే వాళ్లని అక్కడికి తీసుకెళ్లాలి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది దీన్నిబట్టే నిర్ణయించుకున్నాను. పెయింటు, స్టీరియో, క్రోమ్ అన్నీ వచ్చే ఏడాదికి.

నవంబరు

ముందు చక్రాలకి డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు వేశాను. 11 అంగుళాల రోటర్లు (ప్యాడ్లు నొక్కే పళ్లేలు), బూస్టర్, పెడల్ ఒత్తిడిని బ్రేకులకి పంపే కొత్త మాస్టర్ సిలిండర్, వెనక డ్రమ్ములకి వెళ్లే ఒత్తిడిని సరిచేసే వాల్వు, అన్నీ ఒకే కిట్‌లో వచ్చాయి. కిట్ కొనేముందే చక్రాల సైజు తేల్చుకోండి. డ్రమ్ముల కోసం చేసిన 14 అంగుళాల చక్రాలు చాలావాటికి కాలిపర్ (ప్యాడ్లని రోటర్‌కి నొక్కే భాగం) తగులుతుంది. నేను 15 అంగుళాల ర్యాలీ 2 చక్రాలకి మారాను. టైర్లు 235/60ఆర్15.

పాత మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది కదా, ఉంచేద్దాం అని ఎవరికైనా అనిపిస్తుంది. ఉంచకూడదు. డ్రమ్ముల మాస్టర్‌లో, బ్రేకు లైన్లో దాదాపు 10 పీఎస్ఐ ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కులకి ఆ ఒత్తిడి అందితే ప్యాడ్లు రోటర్‌ని పూర్తిగా వదలవు. పెడల్ బాగానే అనిపిస్తుంది కానీ పది మైళ్లు వెళ్లేసరికి చక్రం కాలిపోతుంటుంది.

తీసేసిన డ్రమ్ములు, స్పిండిళ్లు, పాత మాస్టర్ అన్నిటికీ నూనె రాసి, చీటీలు కట్టి అటక మీద పెట్టాను. నేను ఏం మార్చినా, తర్వాతివాళ్లు కావాలంటే మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసుకోగలగాలి. ఫ్రేమ్ కోయను, డాష్‌కి కొత్త రంధ్రాలు పెట్టను.

డిసెంబరు

ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఆగితే చాలు, ఇంజన్ వేడి చూపే ముల్లు 215 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోంది. డిసెంబరులోనే ఇలా ఉంటే టెక్సస్ ఎండల్లో ఏమవుతుందోనని టెన్షన్ పట్టుకుంది. మొదట అందరిలాగే పెద్ద అల్యూమినియం రేడియేటర్ ధరలు చూశాను. అది కొనకపోవడమే మంచిదైంది.

పాంటియాక్ వీ8లో వాటర్ పంపు వెనక రేకుతో చేసిన డివైడర్ ప్లేట్ ఉంటుంది. పంపు రెక్కలకీ ఆ ప్లేటుకీ మధ్య సందు ఎక్కువైతే నీళ్లు ఇంజన్లోకి వెళ్లకుండా అక్కడక్కడే తిరుగుతాయి. కొత్త పంపు వేసినప్పుడు చాలామంది ఆ సందు కొలవరు. నేను రెక్కల మీద చిన్న చిన్న బంకమట్టి ఉండలు పెట్టి, పంపు బిగించి, విప్పి చూశాను. నొక్కుకున్న మట్టి మందం దాదాపు పావు అంగుళం. ప్లేటుని చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టి, మళ్లీ మట్టి పెట్టి, మళ్లీ కొలిచి, ఒక మిల్లీమీటరు దగ్గరికి తెచ్చాను. రెక్కలు ఎక్కడా తగలకూడదు, చేత్తో తిప్పి చూసుకోవాలి. 180 డిగ్రీల థర్మోస్టాట్, కొత్త ఫ్యాన్ క్లచ్ కూడా వేశాను. ఇప్పుడు సిగ్నళ్ల దగ్గర ముల్లు 190 దాటట్లేదు.

జనవరి

ఈ నెల పని అనుకున్నది కాదు. నిప్పురవ్వ ఏ క్షణంలో పడుతోందో చూపే టైమింగ్ లైట్ పెడితే గుర్తు ఒకచోట నిలవకుండా ఊగుతోంది. వీడియోలో చూపించాను. "డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యి. క్రాంక్‌ని పానతో ఒకవైపు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పు. దాని లోపలి రోటర్ ఎప్పుడు కదులుతుందో చూడు" అన్నారు నాన్న. క్రాంక్ 12 డిగ్రీలు వెనక్కి తిరిగాక గానీ రోటర్ కదల్లేదు. క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ కలిపే చైన్ అంత సాగిపోయింది.

కవర్ విప్పితే అసలు సంగతి బయటపడింది. అప్పట్లో చప్పుడు తగ్గించడానికి క్యామ్ గేరు పళ్లకి నైలాన్ పూత వేసేవాళ్లు. ఏళ్ల తరబడి వేడికి అది పెళుసైపోతుంది. నా గేరుకి సగం పళ్లు బోడిగా ఉన్నాయి. మరి ఆ ముక్కలు ఎక్కడికి పోయినట్టు? ఇంజన్ని హాయిస్ట్‌తో రెండంగుళాలు లేపి ఆయిల్ ఛాంబర్ దించాను. ఆయిల్ పంపు జల్లెడలో, చెరగని బియ్యంలో రాళ్లలా ఇరుక్కుని ఉన్నాయి. అలాగే తిప్పి ఉంటే ఆయిల్ అందక బేరింగులు పోయేవి. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇలాంటి పాత ఇంజన్ కొన్నవాళ్లు గేరు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, దూరం నడిపే ముందు దీన్ని విప్పి చూడండి.

పూర్తి స్టీలు గేర్లు, కొత్త చైన్ వేశాను. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. రెండు గేర్ల చుక్కలు ఎదురెదురుగా కలిసినప్పుడు ఫైరింగ్‌కి సిద్ధంగా ఉండేది 1వ సిలిండర్ కాదు, 6వది. నేను రోటర్ని 1 వైపు పెట్టాను. స్టార్ట్ చేయగానే కార్బొరేటర్‌లోంచి మంట కొట్టింది. డిస్ట్రిబ్యూటర్ తీసి, క్రాంక్‌ని ఇంకో చుట్టు తిప్పి, రోటర్ 1 వైపు ఉండేలా మళ్లీ పెడితే సరిపోయింది. కంప్రెషన్ 10.75 కాబట్టి 93 ఆక్టేన్ తప్ప ఇంకేదీ పోయట్లేదు, మొత్తం టైమింగ్ 34 డిగ్రీల దగ్గర ఆపాను.

ఫిబ్రవరి, మార్చి

టాప్ ఎత్తే రెండు సిలిండర్లలో ఎడమది కారుతోంది. రెండూ, వాటి గొట్టాలతో సహా మార్చాను. ఒకటే కొత్తది వేస్తే టాప్ వంకరగా లేచి ఫ్రేమ్ మీద భారం పడుతుంది. కొత్త గుడ్డ మాత్రం అనుభవం ఉన్నాయన చేత వేయించాను. రెండు వారాలు దించకుండా ఎండలో బిగుసుకోనివ్వమన్నారు. తడిగా ఉన్నప్పుడు మడిస్తే బూజు పడుతుంది. నడుం బెల్టులు అన్నీ కొత్తవే.

గేర్‌బాక్స్ ఈసారికి వదిలేశాను. నా వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.55, గంటకి 65 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరుగుతోంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ని నెమ్మదిగా తిప్పే పై గేరు) ఉన్న 200-4ఆర్ గేర్‌బాక్స్ వేస్తే అదే వేగానికి 2,000 చాలు. దాని మౌంటు టర్బో 400 మౌంటు ఉన్నచోటే వస్తుంది కాబట్టి ఫ్రేమ్ ముట్టుకోనక్కర్లేదు. వచ్చే శీతాకాలం మొదటి పని అదే.

ఏప్రిల్

శనివారం ఉదయం ఎన్నిస్ వెళ్లాం. అమ్మ చున్నీ తలకి గట్టిగా చుట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నాన్న దారంతా మాట్లాడలేదు, ఇంజన్ వింటూ కూర్చున్నారు. పూల దగ్గర ఆపగానే అమ్మ దిగి పొలం వైపు నడిచింది. నాన్న మాత్రం ముందు చక్రాల దగ్గర వంగి, ఒక్కోదాని దగ్గర అరచెయ్యి పెట్టి చూశారు.

"ఎడమది బాగుంది. కుడిది కాస్త వేడిగా ఉందిరా, కాలిపర్ జారే పిన్ను బిగుసుకుని ఉంటుంది" అన్నారు.

ఆదివారం ఇద్దరం కలిసి కాలిపర్ విప్పాం. కింది పిన్నుకి గ్రీజు లేదు.