హారిఫైడ్‌కి తెలుగు మాట వెతికిన సాయంత్రం

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆ రోజు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి "అమ్మా, ఐ వాజ్ హారిఫైడ్" అంది. నా గుండె గుభేలుమంది. హారర్ అనగానే మనకు తోచేది దెయ్యాల సినిమా. "ఏమైందమ్మా, భయమేసిందా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "భయం కాదు. నన్నెవరూ ఏమీ చేయలేదు."

గూట్లోంచి పడిపోయిన పిట్టపిల్లను పెద్ద క్లాసు పిల్లలిద్దరు కర్రతో పొడుస్తున్నారట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారట. "దాని నోరు తెరుచుకునే ఉందమ్మా, సౌండ్ రావట్లేదు" అంటూ తన నోరు అలాగే తెరిచి చూపించింది.

అప్పుడు అర్థమైంది, తను మాటను సరిగ్గానే వాడిందని. భయం మనకేమవుతుందో అని పుడుతుంది. హారర్ అలా కాదు. జరగకూడనిది కళ్లముందు జరిగిపోతుంటే చూడలేక, చూపు తిప్పుకోలేక ఒళ్లంతా ముడుచుకుపోవడం అది. అందులో భయంతో పాటు ఏవగింపూ ఉంటుంది. మన నవరసాల్లో భయానకం, బీభత్సం రెండూ కలిస్తే దానికి దగ్గరగా వస్తుంది. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు ఏ మాట ఇవ్వను? బీభత్సం అంటే ఇప్పుడు తుపాను వార్త. దిగ్భ్రాంతి అంటే నాయకులు వ్యక్తం చేసేది. ఆ మాటలు చాలా వాడి వాడి అరిగిపోయాయి.

ఇంగ్లీషులోనూ ఈ అరుగుదల ఉంది. వానపడినా, తలనొప్పి వచ్చినా హారిబుల్ అనేస్తారు. హారిఫిక్ మాత్రం ఇంకా బరువు కోల్పోలేదు, ఘోరమైన ప్రమాదాల గురించి చెప్పేటప్పుడు వాడతారు. నేనూ ఒకసారి తను వేసిన బొమ్మ చూసి, బాగా కుదరలేదనే ఉద్దేశంతో హారిబుల్‌గా ఉందన్నాను. రెండు రోజులు పెన్సిలు ముట్టుకోలేదు. మనం తేలిగ్గా అనేసిన ఇంగ్లీషు మాట, ఆ భాషలోనే పెరుగుతున్న పిల్లకు ఎంత గట్టిగా తగులుతుందో ఆ రోజు చూశాను.

చివరికి "ఒళ్లు జలదరించిందా?" అని అడిగాను. అదేంటని అడిగింది. తన మోచేతి నుంచి మణికట్టు దాకా వేలి కొసతో మెల్లగా నిమిరాను. సన్నటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎస్, అదే!" అంది.

రాత్రి తను పడుకున్నాక డిక్షనరీ తీశాను. హారర్‌కి మూలం లాటిన్ క్రియ హొర్రేరే. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వణకడం అని అర్థం. నేను తన చేతి మీద చూపించింది అదే! ఇంకా లోపలికి వెళితే, సంస్కృతంలోని హృష్ ధాతువుదీ అదే పాత మూలమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మన హర్షం, వాళ్ల హారర్ దూరపు చుట్టాలు. చాలాసేపు నిద్ర పట్టలేదు. గీత మొదటి అధ్యాయం 29వ శ్లోకంలో అర్జునుడు "రోమహర్షశ్చ జాయతే" అంటాడు, అంటే రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయని. అది సంతోషం కాదు, అయినవాళ్లను ఎదురుగా చూసి వణికిపోతూ అన్న మాట. అదే గీత చివర 18వ అధ్యాయంలో సంజయుడు కృష్ణార్జునుల సంవాదాన్ని అద్భుతం, రోమహర్షణం అంటాడు. ఘోరానికీ అద్భుతానికీ ఒంటిమీద ఒకటే గుర్తు.

పిల్లలు బడి భాషలో అనుభవించి వచ్చినదాన్ని ఇంటి భాషలో చెప్పుకోలేకపోతే, కొన్నాళ్లకు చెప్పడమే మానేస్తారేమోనని నాకు బెంగ. అందుకే ఇప్పుడు మాటకు మాట వెతకడం లేదు. "ఎక్కడ అనిపించింది? గొంతులోనా, కడుపులోనా, చేతుల మీదా?" అని అడుగుతున్నాను. ఒంటికి సంబంధించిన మాటలకు తెలుగులో కొదవ లేదు.

మొన్న అమ్మమ్మ వీడియో కాల్‌లో పాట పాడుతుంటే పిల్ల ఉన్నట్టుండి చెయ్యి కెమెరా ముందు పెట్టింది. "అమ్మమ్మా చూడు, జలదరించింది!"

"దాన్ని పులకరింత అంటారు తల్లీ" అంది అమ్మ.

"మరి ఆ పిట్ట రోజు వచ్చినదో?"

"అది జలదరింపు" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. వెంట్రుకలు మళ్లీ అణిగేదాకా తన చేతినే చూస్తూ కూర్చుంది.