చెంగ్డూలో రెండేళ్లు

చైనాలోని ఈ ఊరు నచ్చిందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. పర్సు మోయడం ఎప్పుడో మానేశా, చిలగడదుంపలు కాల్చి అమ్మే తాత బండికి కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతుంటుంది, వీచాట్‌లో (ఇక్కడ మెసేజ్‌లకీ చెల్లింపులకీ అందరూ వాడే యాప్) డబ్బులు కొట్టేసి నడుచుకుంటూ పోవడమే. ఛార్జింగ్ అయిపోయిందో, ఆ పూట మన పని గోవిందా. అర్ధరాత్రి ఒంటరిగా నడిచినా భయం వేయదు (ఎక్కడ చూసినా కెమెరాలే మరి, ఆ సంగతి వేరే). ఇల్లు మారితే మాలాంటి విదేశీయులు 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇక వాట్సాప్ ఇక్కడ బ్లాక్, తెరవాలంటే వీపీఎన్ (ఆ అడ్డు దాటించే యాప్) ఉండాలి, అది సరిగ్గా అమ్మ వీడియో కాల్ చేసే టైముకే పడకేస్తుంది.

మాది గుంటూరు, కారం మాకో లెక్కా అని మొదటి వారం గొప్పలు పోయి హాట్‌పాట్ (మరుగుతున్న కారం పులుసులో మాంసం, కూరలు ముంచి ఉడికించుకునే వంటకం) తిన్నాను. అది కారం కాదు బాబోయ్, హువాజియావ్ అనే ఇక్కడి మిరియాల్లాంటి గింజలకి నాలుక మొద్దుబారి పది నిమిషాలు మాట రాలేదు. పక్కనున్నాయన జాలిపడి వేడినీళ్లు ఇచ్చాడు. ఇక్కడ జలుబుకీ అదే మందు, కడుపునొప్పికీ అదే.

నిన్న సాయంత్రం పార్కులో స్పీకర్ పెట్టుకుని డాన్స్ చేసే ఆంటీల్లో ఒకావిడ నన్నూ లైన్లోకి లాగింది. రెండడుగులు వేశానో లేదో, జీతమెంత, పెళ్లయిందా అని మొదలుపెట్టింది. అచ్చం మా వీధి పెద్దమ్మే.