తగ్గావా, తగ్గిపోయావా?

పోయిన నెల లిఫ్టులో పై అంతస్తు ఆఫీసాయన ఒకాయన నన్ను కింద నుంచి పైదాకా ఓసారి చూసి, "ఒంట్లో బాగానే ఉంటోందా అండీ?" అన్నాడు. ఆయన పేరు నాకు తెలీదు. నా పేరూ ఆయనకు తెలిసుండదు. బాగానే ఉందండీ అన్నాను. "అబ్బే, బాగా తగ్గిపోయారు" అన్నాడు, నేనేదో దాస్తున్నానన్నట్టు. నా అంతస్తు వచ్చింది, దిగిపోయాను. సీట్లో కూర్చోగానే సొరుగులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. తేదీ. పొద్దుటి బరువు, 84.9. ఎవరు: లిఫ్టాయన. ఏమన్నారు: ఒంట్లో బాగుందా.

అవును, దీనికి కూడా ఒక పుస్తకం పెట్టాను. అకౌంట్స్ మనిషిని. పద్దు రాస్తే తప్ప ఏదీ నా బుర్రకెక్కదు.

నా లెక్క ఇదీ. వయసు 46, ఎత్తు 172 సెంటీమీటర్లు. పదకొండు నెలల కిందట 98.6 కేజీలు, ఈ రోజు పొద్దున 84.1. ఇంకో ఎనిమిది తగ్గాలని ఉంది. ఎలా తగ్గుతున్నానో ఇక్కడ రాయను, రాయడానికేం లేదు కూడా. తక్కువ తిని ఎక్కువ నడుస్తున్నాను. నేను రాయాలనుకున్నది జనం నోటి గురించి.

పుస్తకం మూడో నెలలో మొదలుపెట్టాను. ఇప్పటికి 71 పద్దులు. అందులో 22 షుగరా, థైరాయిడా, ఒంట్లో బాగుందా అన్న బాపతు. 19 మంది ఏం చేస్తున్నావో చెప్పు, మేమూ చేస్తాం అన్నారు (చెప్పాక చేసినవాళ్ళు సున్నా). 11 మంది ఇక చాలు, ఆపెయ్ అన్నారు. మిగతావి దాదాపు అన్నీ మెచ్చుకోళ్ళు, వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఇవన్నీ రాస్తుంటే మన భాషలో ఒక తమాషా కనిపించింది. "తగ్గావు" అంటే మెచ్చుకోలు. దానికి ఒక "పో" తగిలించి "తగ్గిపోయావు" అంటే పరామర్శ. సన్నబడ్డావు అంటే సంతోషం, చిక్కిపోయావు అంటే జాలి, ముఖం పీక్కుపోయింది అంటే ఇక వీలునామా రాసుకోవచ్చు. అదే మనిషి, అదే బరువు, అదే రోజు. పొద్దున పార్కింగ్‌లో ఒకాయన "తగ్గారండోయ్" అన్నాడు, మధ్యాహ్నం ఇంకొకావిడ "ఏంటండీ ఇలా అయిపోయారు" అంది. మధ్యలో నేను చేసిందల్లా భోంచెయ్యడమే.

అసలు చమత్కారం బరువు కాలమ్‌నీ మాటల కాలమ్‌నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బయటపడింది. రెండిటికీ పొంతనే లేదు. ఒకే రోజు నలుగురు "చాలా తగ్గావ్" అన్న రోజు ఒకటుంది. ఆ రోజు నా బరువు ముందు రోజుకంటే 700 గ్రాములు ఎక్కువ. ముందు రోజు సాయంత్రం క్షవరం చేయించుకున్నాను, నల్ల చొక్కా టక్ చేసుకుని వెళ్ళాను, అదీ కథ. ఉప్పును బట్టీ, తాగిన నీళ్ళను బట్టీ ఒంటి బరువు రోజుకి కేజీ అటూ ఇటూ ఊగుతుందని ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ 700కి దిగులుపడలేదు. కానీ ఆ నలుగురూ సర్టిఫికెట్లు ఎవరికి ఇచ్చారో మాత్రం అర్థమైంది. మంగలికి ఇచ్చారు.

మొదటి అయిదు కేజీలు తగ్గినప్పుడైతే ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. నా బీపీ మిషన్ గమనించింది. 148/94 ఉండేది 134/86కి వచ్చింది. ఒంటి బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా బీపీకీ షుగర్‌కీ తేడా తెలుస్తుందని డాక్టరు మొదట్లోనే చెప్పారు. అలాంటి తేడా లిఫ్టులో కనబడదు మరి. రోజూ చూసేవాళ్ళు ఏమీ అనరు, ఆరు నెలలకోసారి చూసేవాళ్ళు కేక పెడతారు. కాబట్టి వాళ్ళు కొలిచేది నా బరువుని కాదు, మేం కలుసుకుని ఎన్నాళ్ళైందో దాన్ని.

బాబాయి సంగతి చెప్పాలి. మొదటి రెండు వారాల్లో మూడు కేజీలు పడిపోయాయి. ఆ ఉత్సాహంలో నోరు జారి ఆయనకు చెప్పాను. "ఒరేయ్, అదంతా నీళ్ళురా. మళ్ళీ వస్తుందిలే" అన్నాడు ఫోన్లో, పేపరు చదువుకుంటూ. ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు మనసులోనే ఆయనతో వాదించాను. తర్వాత కూర్చుని చదివితే, ఆయన మొదటి ముక్క నిజమే. ఒంట్లో గ్లైకోజెన్ అని పిండిపదార్థం నిల్వ ఉంటుంది, లివర్లోనూ కండరాల్లోనూ. అది ఒక గ్రాము ఉంటే దాన్ని పట్టుకుని సుమారు మూడు గ్రాముల నీళ్ళుంటాయి. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ కరుగుతుంది, దాంతో నీళ్ళూ పోతాయి. కొవ్వు ఆ తర్వాత నిదానంగా కదులుతుంది. చిరాకు పుట్టించే మనుషులు అప్పుడప్పుడూ నిజం చెప్తారు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. అప్పటినుంచి అంకెలు ఎవరికీ చెప్పడం మానేశాను. అంకె చెప్పానంటే అవతలివాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటారు, వచ్చే నెల ఆరా తీస్తారు. చెప్పకపోతే ఊహించుకుంటారు. ఊహించుకోనీ.

సమాధానాలు కూడా రకరకాలుగా ప్రయత్నించాను. మొదట్లో శ్రద్ధగా వివరించేవాణ్ణి. అది పెద్ద పొరపాటు. మనం వివరిస్తే అవతల ప్రతిపాదనలు మొదలవుతాయి, పావుగంట పోతుంది. తర్వాత వెటకారం. కాలేజీ రోజుల స్నేహితుడు పదిమందిలో "ఏంట్రా, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావ్" అంటే, "నీ జుట్టు కంటే నేనే నయం, ఇంకా ఉన్నాను" అన్నాను. అందరూ నవ్వారు, వాడు తప్ప. పది రోజులు మాట్లాడలేదు. నా ఒంటి గురించి వాడన్నది నాకు తప్పనిపించింది కదా, మరి నేనన్నదేంటి? నేనే ఫోన్ చేసి కలుపుకున్నాను.

"డాక్టరు తగ్గమన్నారండీ" అన్న మాట మంత్రంలా పనిచేస్తుంది. నాకు తగ్గాలని ఉంది అంటే వాదించినవాళ్ళే, డాక్టరనగానే తలూపి ఊరుకుంటారు. కాకపోతే "అయితే ఏదో ఉందన్నమాట" అన్న అనుమానం ఒకటి వదిలేసి వస్తాం. నాకు బాగా పనికొచ్చింది ఇంకోటి. "అవునండీ, కొంచెం తగ్గాను. మీ మోకాలెలా ఉంది?" అనడం. మోకాలు కాకపోతే నడుము, కాకపోతే నిద్ర. ప్రతి మనిషికీ ఒంట్లో ఎక్కడో ఒకచోట చెప్పుకోవాల్సింది ఉంటుంది. ఇప్పటిదాకా ఒక్కరు కూడా అడిగితే చెప్పకుండా పోలేదు. నా బరువు రెండు వాక్యాల్లో అయిపోతుంది, వాళ్ళ మోకాలు లిఫ్టు ఆగేదాకా వస్తుంది.

పక్క సీటు కుర్రాడు మాత్రం వీటికి లొంగలేదు. "సార్, ఇంతకీ ఆ తగ్గిన కేజీలన్నీ ఎక్కడికి పోయినట్టు?" అని పట్టుకున్నాడు. మంచి ప్రశ్న కాబట్టి నిజమే చెప్పాను. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టారు. పది కేజీల కొవ్వు కరిగితే అందులో 8.4 కేజీలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలోంచే బయటికి పోతుంది, మిగతా 1.6 నీళ్ళవుతుంది. "అంటే చాలావరకు ఈ గదిలోనే వదిలాను బాబూ, నువ్వు పక్కనే ఉన్నావు" అన్నాను. కుర్చీ అరడుగు అవతలికి జరుపుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

ఈ పద్ధతులేవీ పనికిరాని చోటు ఒకటుంది. అమ్మ.

అమ్మ వీడియో కాల్లో నన్ను చూసి ఏమీ అనలేదు. ఫోన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుని చూసింది, అవతల నాకు ఆవిడ నుదురూ కళ్ళజోడూ తప్ప ఏమీ కనబడలేదు. "లైటు వేసుకో నాన్నా" అంది. లేచి వేశాను. "ఇటు తిరుగు" అంది. తిరిగాను. "ముఖం పీక్కుపోయింది" అంది, మెల్లగా. నేను అలవాటుగా నవ్వేసి, అంతా బాగానే ఉందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. నాన్నకు షుగర్ బయటపడింది అలాగే. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గారు. అందరూ కుర్రాడివైపోయావయ్యా అని మెచ్చుకున్నారు. ఆయనా మురిసిపోయారు. అనుకోకుండా ఏడాదిలోపు ఒంటి బరువులో నూటికి అయిదు వంతులకు మించి తగ్గితే వెళ్ళి చూపించుకోవాలని అప్పుడు ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మ దృష్టిలో తగ్గడమంటే అదీ.

మర్నాడు నా రక్తపరీక్షల రిపోర్టు ఫొటో తీసి అమ్మకు పంపాను. చదవడం రాదని కాదు, అందులో అంకెలు ఆవిడకు తెలుసు, నాన్న రిపోర్టులు పన్నెండేళ్ళు చూసింది. మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్షలో 5.5, అంటే షుగర్ లేనట్టే. రెండు నిమిషాల తర్వాత ఫోన్ చేసి, "సరే, అయితే నడువు" అంది. ఇప్పుడు మూడు నెలలకోసారి రిపోర్టు పంపుతాను. అమ్మ మాటల్ని పుస్తకంలో రాయలేదు. అవి ఆ పద్దు కిందికి రావు.

ఇక నాకు పడాల్సినవి మా ఆవిడకు పడటం. ఇది నేను చాలా ఆలస్యంగా కనిపెట్టాను. బంధువులింట్లో నలుగురం కూర్చుని ఉండగా అత్తయ్య నన్ను దాటుకుని మా ఆవిడ వైపు తిరిగి, "ఏమ్మా, వాడికి తిండి పెట్టట్లేదా?" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నేను చేసిన తప్పు. ఇంటికొచ్చేదాకా కార్లో మాటల్లేవు. తాళం తీస్తూ అంది: "మీరు లావుగా ఉన్నప్పుడు నేను ఎక్కువ పెట్టి పాడుచేస్తున్నానన్నారు. ఇప్పుడు పెట్టట్లేదంటున్నారు. మధ్యలో ఎప్పుడైనా మీరు తిన్నారని ఎవరైనా అన్నారా?"

పద్దు వెంటనే సర్దాను. మళ్ళీ అలాంటి మాట వచ్చినప్పుడు ఆవిడ నోరు తెరిచేలోపే, "అత్తయ్యా, నా ప్లేటు నేనే పెట్టుకుంటాను. అడగాలంటే నన్నడుగు" అన్నాను. గట్టిగానే వచ్చింది. అత్తయ్య ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబోవడాన్ని సర్దడానికి ప్రయత్నించలేదు. అంత మాత్రం ఉండనీ అనుకున్నాను.

ఇప్పుడు మెచ్చుకోళ్ళు. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఎనిమిదో నెలలో బరువు కదలడం మానేసింది. ఏడు వారాలు 87.4కీ 86.8కీ మధ్యే తిరిగింది. ఒళ్ళు తేలికయ్యేకొద్దీ అదే నడకకు తక్కువ ఖర్చు పెడుతుంది, ఆకలి మాత్రం పెంచుతుంది, కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగడం మామూలే. ఆ సంగతి తెలుసు. నన్ను కుంగదీసింది త్రాసు కాదు. ఆ ఏడు వారాల్లో పుస్తకంలో రెండే పద్దులు. అందరికీ నేను అలవాటైపోయాను, ఇక ఎవరూ ఏమీ అనడం లేదు. మాటలు పడలేకపోతున్నానని పుస్తకం పెట్టినవాణ్ణి, మాటలు రాక బెంగపడ్డాను. ఒక సోమవారం, బిగుతుగా ఉండే పాత చొక్కా ఒకటి వెతికి వేసుకుని, పనేమీ లేకపోయినా మూడు డిపార్ట్‌మెంట్లు తిరిగొచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం, "సార్, బటన్ ఊడేలా ఉంది" అంది.

అది కూడా రాసుకున్నాను, 69వ పద్దు.

మొన్న ఆదివారం పుస్తకం తిరగేస్తూ ఉంటే ఒక పేరు ఎక్కడా లేదని గమనించాను. మా ఆవిడది. పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా, తగ్గారనీ అనలేదు, తగ్గలేదనీ అనలేదు. బట్టలు మడతపెడుతోంది. వెళ్ళి అడిగాను, నీకేమీ అనిపించలేదా అని.

"రోజూ పొద్దున్నే త్రాసు మీంచి దిగి నాలుగొందలు తగ్గింది, మూడొందలు పెరిగింది అని మీరు చదువుతూనే ఉంటారుగా" అంది. "మళ్ళీ నేను కూడా దేనికి?"

పుస్తకం తెచ్చి ఆ మాట రాద్దామని కూర్చున్నాను. ఎవరు అన్న కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. ఆవిడ పేరు రాయాలా, నా పేరా?

ఈ పొద్దున త్రాసు దిగాక నోరు తెరిచి, మూశాను. వంటింట్లోంచి ఆవిడ తొంగి చూసింది. ఏం లేదన్నాను. 84.1.