కేసు చెరిపించుకున్నా, కాగితం మాత్రం దాచుకున్నా

పోయిన నెల ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, సెల్ఫ్ చెకౌట్ దగ్గర పట్టుకున్నారు, కేసు డిస్మిస్ అవుద్దంట, తర్వాత ఎక్స్‌పంజ్ చేయించేసుకుంటే ఇంక అసలు జరగనట్టే కదా" అని. ఎక్స్‌పంజ్ అంటే కోర్టు ఆర్డర్‌తో ఆ రికార్డు చెరిపించేయడం. 2018లో నేనూ అచ్చం ఇదే అనుకున్నా. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, నా కేసు అమెరికాలో టెక్సస్‌లోది, మీది వేరే స్టేట్ అయితే అక్కడి రూల్ వేరే ఉంటుంది, ఇది మనసులో పెట్టుకుని చదవండి.

డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తున్న రోజులు. ఒక రాత్రి సామాన్లకి వెళ్ళి సెల్ఫ్ చెకౌట్‌లో సగం స్కాన్ చేశా, సగం చేయలేదు. హడావిడిలో మర్చిపోయానని రూమ్మేట్స్‌కి చెప్పా, పోలీసులకీ అదే చెప్పా. మర్చిపోలేదు. ఇంతకంటే దీని గురించి రాయడానికి ఏం లేదు.

స్కాన్ చేయనివి మొత్తం కలిపితే 112 డాలర్లు అయింది. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు దొంగతనం అయితే క్లాస్ సీ, జైలు శిక్ష ఉండదు, ఫైన్‌తో పోద్ది, చాలాసార్లు టికెట్ చేతిలో పెట్టి పంపిస్తారు. 100 దాటి 750 లోపు అయితే క్లాస్ బీ, 180 రోజుల దాకా జైలు పడొచ్చు. 750 దాటితే క్లాస్ ఏ, ఏడాది దాకా. అంటే నన్ను బేడీలేసి తీసుకెళ్ళింది ఆ పన్నెండు డాలర్ల కోసం. రాత్రంతా కౌంటీ జైల్లో ఉంచి వేలిముద్రలు తీసుకున్నారు, పొద్దున రూమ్మేట్స్ డబ్బులు పోగేసి బెయిల్ మీద బయటికి తెచ్చారు. ఆ వేలిముద్రల సంగతి గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం దాని చుట్టూనే తిరుగుద్ది.

మొదట మాట్లాడిన క్రిమినల్ లాయర్ చాలా ఈజీగా చెప్పాడు, డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, గిల్టీ అనో నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, కానీ కొట్లాడను) అనో చెప్పు, ఆరు నెలలు ప్రొబేషన్ చెయ్, కన్విక్షన్, అంటే నేరస్తుడివని తీర్పు, లేకుండా పోద్ది అని. నేను ఎగిరి గంతేశా. మా సీనియర్ అన్న ఒకాయన మాత్రం "సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించరా" అని నా వెంటపడ్డాడు. ఆ మాట వినకపోయుంటే ఈ పోస్ట్ వేరేలా ఉండేది, బహుశా ఉండేదే కాదు.

ఇమిగ్రేషన్ లాయర్ మేడం చెప్పింది ఇదీ. టెక్సస్ దృష్టిలో డిఫర్డ్ అడ్జుడికేషన్ కన్విక్షన్ కాదు, కరెక్టే. కానీ 1996 చట్టంలో ఇమిగ్రేషన్ కోసం కన్విక్షన్ అంటే ఏంటో విడిగా రాసుకున్నారు, నువ్వు గిల్టీ అనో నో కాంటెస్ట్ అనో ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో ప్రొబేషనో వేస్తే చాలు, స్టేట్ దాన్ని ఏ పేరుతో పిలిచినా వీళ్ళకి అది కన్విక్షనే. సరే తర్వాత చెరిపించుకుంటాలే అంటే అదీ కుదరదు, 1999లోనే బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ రోల్డాన్ అనే కేసులో తేల్చేసింది, నువ్వు బుద్ధిగా ప్రొబేషన్ పూర్తి చేశావని స్టేట్ రికార్డు తుడిచేసినా ఇమిగ్రేషన్ లెక్కలో కన్విక్షన్ అలాగే ఉంటుందని. నాకు అప్పుడు కాళ్ళు చల్లబడ్డాయి. క్లాస్ ఏ అయ్యుంటే ఇంకా ఘోరం, ఎందుకంటే దేశంలోకి వచ్చిన ఐదేళ్ళలోపు ఇలాంటి నేరం చేసి దానికి పడగల శిక్ష ఏడాది అయితే డిపోర్టేషన్ దాకా పోద్ది, అసలు ఎంత శిక్ష పడింది అని కాదు, ఎంత పడొచ్చు అని చూస్తారు.

ఇంకోటి, క్రిమినల్ లాయర్ ఇది మనకి చెప్పకపోవడం చిన్న విషయం కాదు. 2010లో సుప్రీం కోర్టు పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో చెప్పింది, గిల్టీ ప్లీ వల్ల డిపోర్టేషన్ రిస్క్ ఉంటే క్లయింట్‌కి చెప్పడం డిఫెన్స్ లాయర్ డ్యూటీ అని. మా వాడు నన్ను ఏ వీసా మీద ఉన్నావని కూడా అడగలేదు.

సరే, లాయర్ని మార్చా. కొత్తాయన ప్రీట్రయల్ డైవర్షన్ అడిగాడు, అంటే కోర్టులో గిల్టీ చెప్పకుండా ప్రాసిక్యూటర్‌తో అగ్రిమెంట్, క్లాసులూ కమ్యూనిటీ సర్వీసూ చేస్తే కేసు డిస్మిస్. ఇదైతే సేఫ్ అనుకున్నా. ఆ అగ్రిమెంట్‌లో ఒక పేరా ఉంది, నేను ఈ నేరం చేశానని ఒప్పుకుంటున్నా అని. మేడం అది చూసి ఆపేసింది. 2017లో మొహమ్మద్ అనే కేసు, అది కూడా టెక్సస్‌దే, ఇలాంటి డైవర్షన్‌లో చేరేటప్పుడు తప్పు ఒప్పుకుని, జడ్జి ఆ ప్రోగ్రాంకి ఆర్డర్ ఇచ్చుంటే అది కూడా కన్విక్షన్ కిందే లెక్క అని అదే బోర్డు అంది. మళ్ళీ రెండు నెలలు ప్రాసిక్యూటర్ ఆఫీస్ చుట్టూ లాయర్ తిరిగి ఆ పేరా తీయించాడు. ఒక్క పేరా కోసం రెండు నెలలు, దానికి వేరే ఫీజు. ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో బెస్ట్‌గా ఖర్చు పెట్టిన డబ్బు అదే.

2019లో డిస్మిస్ అయింది. పార్టీ కూడా ఇచ్చా మావాళ్ళకి. అక్కడితో అయిపోయిందనుకుని రెండేళ్ళు దాని జోలికే పోలేదు.

2021లో కొత్త జాబ్ ఆఫర్, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో లైన్ వచ్చింది, థెఫ్ట్, ప్రాపర్టీ 100 నుంచి 750, డిస్మిస్డ్ అని. హెచ్ఆర్ ఆవిడ డిస్మిస్డ్ అన్న మాట చదివినట్టే లేదు, థెఫ్ట్ దగ్గరే కళ్ళు ఆగిపోయాయి, ఆఫర్ హోల్డ్‌లో పెట్టి రెండు వారాల తర్వాత వేరే వాళ్ళని తీసుకున్నామన్నారు. కన్విక్షన్ కాని అరెస్టులు ఏడేళ్ళు దాటితే రిపోర్ట్‌లో రాకూడదని ఫెడరల్ రూల్ ఉంది కానీ జీతం ఏడాదికి 75,000 డాలర్లు, అంతకు మించి ఉండే జాబులకి ఆ రూల్ వర్తించదు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఎంతమందికి ఆ రూల్ పనికొస్తదో మీరే చెప్పండి. కేసు కొట్టేశారు అంటే రికార్డు పోయిందని కాదు అని ఆరోజు అర్థమైంది. చెరిపించాలంటే మళ్ళీ మనమే వెళ్ళి అడగాలి.

టెక్సస్‌లో దీన్ని ఎక్స్‌పంక్షన్ అంటారు. అరెస్ట్ అయిన కౌంటీలో డిస్ట్రిక్ట్ కోర్టులో పిటిషన్ వేయాలి, నా రికార్డు ఎవరెవరి దగ్గర ఉండొచ్చో వాళ్ళందరి పేర్లూ అందులో రాయాలి, సిటీ పోలీసులు, షెరిఫ్, ప్రాసిక్యూటర్ ఆఫీస్, క్లర్క్, రాష్ట్రమంతటి క్రిమినల్ రికార్డులు ఉంచే స్టేట్ డీపీఎస్, ఇలా. ఒక ఆఫీస్ పేరు వదిలేస్తే ఆర్డర్ వాళ్ళకి అందదు, అందకపోతే వాళ్ళ దగ్గర కాపీ హాయిగా కూర్చునుంటది. పిటిషన్ వేసిన 30 రోజుల తర్వాతే హియరింగ్. డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకున్న వాళ్ళకి క్లాస్ సీ తప్పితే మామూలుగా ఈ దారి లేదు, వాళ్ళకి దొరికేది నాన్‌డిస్‌క్లోజర్ ఆర్డర్, అంటే రికార్డు ఉంటుంది, పబ్లిక్‌కి చూపించరు, అంతే. వేరే స్టేట్స్‌లో పేర్లూ పద్ధతులూ మారిపోతాయి, పెన్సిల్వేనియాలో 2018లో క్లీన్ స్లేట్ అని చట్టం తెచ్చి కొన్ని రికార్డులు ఎవరూ అడక్కుండానే సీల్ అయ్యేలా చేశారు. అడగాల్సిన చోట ఎంతమంది అడుగుతారంటే, మిషిగన్ మీద ప్రెస్కాట్, స్టార్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు చేసిన స్టడీలో, అర్హత వచ్చాక ఐదేళ్ళలోపు నిజంగా చెరిపించుకున్నది 6.5 శాతం మంది. నాకు ఆశ్చర్యం వేయలేదు, నేను రెండేళ్ళు ఊరికే కూర్చున్నా కదా.

ఇక అసలు సంగతి. ఆన్‌లైన్‌లో ఒక ఎక్స్‌పంక్షన్ సర్వీస్ ఉంది, ఫ్లాట్ ఫీజు, ఫారం నింపితే చాలు. కార్డ్ నంబర్ కొట్టేశాక గుర్తొచ్చి మేడంకి ఫోన్ చేశా. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నావా?" ఏ కాపీలు అన్నా. ఆవిడ ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు.

ఆర్డర్ వచ్చాక ఆ ఫైళ్ళు నాశనం చేసేస్తారు లేదా తిప్పి పంపేస్తారు. తర్వాత క్లర్క్ దగ్గరికి వెళ్ళి నా డిస్మిసల్ ఆర్డర్ ఇవ్వండి అంటే అలాంటి కేసే లేదంటారు, చట్టం ప్రకారం వాళ్ళు అలాగే అనాలి. వీసా ఫారం డీఎస్-160 మాత్రం అడిగేది వేరు, ఎప్పుడైనా అరెస్ట్ అయ్యావా, క్షమాభిక్ష లాంటిది వచ్చినా సరే చెప్పు అని. గ్రీన్ కార్డ్ ఫారం ఐ-485 కూడా అంతే, సీల్ అయినా చెరిపేసినా చెప్పాల్సిందే. టెక్సస్ చట్టం "నేను అరెస్టే అవ్వలేదు" అనే హక్కు నాకు ఇస్తుంది, అదే మాట ఫెడరల్ ఫారంలో రాస్తే అబద్ధం ఆడి వీసా అడిగినట్టు, ఆ మచ్చకి గడువు లేదు, వేవర్, అంటే ప్రత్యేక మినహాయింపు, దొరక్కపోతే జీవితాంతం రానివ్వరు. ఆ వేలిముద్రలు అమెరికా ప్రభుత్వం వీసా సిస్టంలోకి ఒకసారి చేరాయంటే టెక్సస్ జడ్జి ఆర్డర్ అక్కడిదాకా పాకదు. అంటే నేను అరెస్ట్ అయ్యానని వాళ్ళకి తెలుసు, కానీ ఏమైందో చూపించే కాగితం ప్రపంచంలో ఎక్కడా ఉండదు, నేను దాచుకుంటే తప్ప.

కాన్సిల్ కొట్టి కౌంటీ క్లర్క్ ఆఫీస్‌కి పరిగెత్తా. కంప్లైంట్, డిస్మిసల్ ఆర్డర్, డైవర్షన్ అగ్రిమెంట్, సీలు వేసినవి మూడేసి సెట్లు, పోలీస్ రిపోర్ట్ వేరేగా. అవి చేతికొచ్చాకే పిటిషన్. ఎక్స్‌పంక్షన్ వచ్చాక 18 డాలర్లు కట్టి ఎఫ్‌బీఐ నుంచి నా రికార్డు తెప్పించుకుంటే ఖాళీగా వచ్చింది. ఒక బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీ పాత డేటాబేస్‌లో మాత్రం ఇంకా కనిపిస్తానే ఉంది, ఆర్డర్ కాపీ జతచేసి డిస్ప్యూట్ పెడితే నెలలోపు తీసేశారు.

2023లో హెచ్1బీ స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళా. వెళ్ళే ముందు రోజు ఇంట్లో చెప్పాల్సొచ్చింది, ఐదేళ్ళు దాచిన విషయం. నాన్న ఏం అనలేదు, లేచి బయటికెళ్ళి గంట తర్వాత వచ్చాడు. అమ్మ "112 డాలర్లంటే ఎంతరా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

కాన్సులేట్ కౌంటర్ దగ్గర ఆఫీసర్ స్క్రీన్ చూసి, 2018లో ఏమైంది అంది. చెప్పా, ఉన్నదున్నట్టు. కాగితాలున్నాయా అంది. సెట్ ఇచ్చా. ఐదు నిమిషాలు తిరగేసి 221(జీ) స్లిప్ ఇచ్చింది, అంటే వీసా ఇప్పుడే ఇవ్వం, ఇంకా చూడాలి అని, ఆరు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు, ఆ ఆరు వారాలు మా మేనేజర్‌కి ఏం చెప్పానో అది ఇంకో పోస్ట్. తర్వాత పాస్‌పోర్ట్ స్టాంప్‌తో వచ్చింది.

ఆ తమ్ముడికి ముందు ఏ ఫారం మీదా సంతకం పెట్టకు, కాపీలు తీసుకో అని రిప్లై ఇచ్చా. మళ్ళీ నాకే డౌట్ వచ్చి ఇంటికి ఫోన్ చేశా. మూడు సెట్లలో ఒకటి కాన్సులేట్‌లో పోయింది, ఒకటి ఇక్కడ నా దగ్గరుంది, మూడోది అమ్మ దగ్గర. బీరువాలో నా టెన్త్ మెమో కిందనే ఉందంట, ఎవరికీ కనపడకుండా చీర మధ్యలో పెట్టిందంట. గ్రీన్ కార్డ్ లైన్ సంగతి మీకు తెలుసుగా, ఆ చీర ఇంకా చాలా ఏళ్ళు అలాగే ఉండాలి.